పై వాటా

ఆవిడ పని పళ్ళసెట్లు చెయ్యడం. దంతవైద్యులు రోగి నోటి అచ్చు తీసి పంపిస్తే, దాని మీద మైనం పరిచి, ఒక్కొక్క పన్నూ నిలబెట్టి, చిగుళ్ళకు రంగు కుదిర్చి, మెరుగు పెట్టి తిరిగి పంపిస్తుంది. ఇరవై రెండేళ్ళుగా అదే ల్యాబు, అదే బల్ల. పని మీద ఆవిడకు ఎప్పుడూ విసుగు లేదు. విసుగంతా బస్సు మీద. ల్యాబు నగరం నడిబొడ్డున, ఇల్లు ఊరి చివర. పోవడానికి గంటన్నర, రావడానికి గంటన్నర, వానొస్తే ఇక చెప్పక్కర్లేదు. నిలబడి నిద్రపోవడం ఆవిడకు అలవాటైపోయింది. ఒకసారి అలాగే పక్కనున్న పెద్దమనిషి భుజం మీద తల వాల్చి, ఆయన దిగాల్సిన స్టాపు దాటిపోయేదాకా లేవలేదు. పాపం ఆయన కూడా లేపలేదు.

నలభై ఆరో ఏట భర్తతో, ఇంక నావల్ల కాదు అంది. కోపంగా అనలేదు. చెప్పులు విప్పుతూ, గుమ్మంలోనే కూర్చుండిపోయి అంది. ఆయన నీళ్ళ ఆఫీసులో ఉద్యోగి. ఇల్లిల్లూ తిరిగి మీటర్లు చూసి రాసుకొచ్చే పని. ఎక్కడున్నా ఆయనకు తిరగడం తప్పదు కాబట్టి, సరే, నీ ల్యాబు దగ్గరే చూద్దాం అన్నాడు. ఆ ఇంట్లో వాళ్ళిద్దరే. మూడో మనిషిని అడగాల్సిన పని లేదు.

నడిబొడ్డు పాత వీధుల్లో ఒక వాటా అమ్మకానికి వచ్చింది. రాళ్ళు పరిచిన సన్నటి వీధి, బండి అనేది లోపలికి రాకూడదు. రెండు వందల ఏళ్ళ నాటి మేడ. కింద ఒక కొట్టు, దాని మీద ఈ వాటా, ఆ పైన ఇంకో వాటా, అంతే. బ్రోకరు మండు వేసవిలో తీసుకెళ్ళి చూపించాడు. ఎత్తైన రెండు గదులు, ఒక వంటగది, వీధి వైపు పెద్ద కిటికీ, చేతులు చాపితే అందనంత మందం గోడలు. ఆ గోడలు ఆ రోజు బుద్ధిమంతుల్లా పొడిగా, చల్లగా ఉన్నాయి. ఆవిడ మిగతావేమీ చూడలేదు. కిటికీ దగ్గర నిలబడి, ల్యాబు ఎటువైపు అని అడిగింది. బ్రోకరు వేలు చూపించాడు. నడిస్తే పది నిమిషాలు. ఊరి చివరి ఇల్లు అమ్మేసి ఇది కొనేశారు.

రిజిస్ట్రేషన్ రోజున గుమాస్తా కాగితాలతో పాటు నలభై పేజీల పుస్తకం ఒకటి చేతిలో పెట్టాడు. పాత కట్టడాల ఆఫీసు వాళ్ళది. వీధి వైపు కిటికీ రంగు మార్చకూడదు. తలుపు మార్చకూడదు. ఏసీ పెట్టె బయటికి కనపడకూడదు. బట్టలు ముందువైపు ఆరెయ్యకూడదు. ఆవిడ భర్త అందులో నాలుగు పేజీలు చదివి మూసేశాడు. మనం కొన్నామా, మనల్ని కాపలా పెట్టుకున్నారా అన్నాడు. నెల తిరక్కుండానే ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది, సాక్ష్యంగా ఒక ఫొటోతో సహా. ఎవరో యాత్రికుడు తీసిన అందమైన ఫొటో. పొద్దుటి ఎండలో మేడ, దాని కిటికీ, కిటికీకి వేలాడుతూ ఆయన బనియను.

పై వాటాలో ఒక మాస్టారు ఉండేవాడు. చాలా ఏళ్ళు బళ్ళో భూగోళం చెప్పి రిటైరయ్యాడు. డెబ్భై ఎనిమిదేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. అక్కయ్యతో కలిసి ఉండేవాడట, ఆ అక్కయ్య పోయి నాలుగేళ్ళయింది. కొత్తగా వచ్చిన వారంలోనే ఆవిడ మెట్లెక్కి పలకరించడానికి వెళ్ళింది. ఆయన తలుపు బెత్తెడు తెరిచి, ఏం చేస్తుంటావని అడిగాడు.

“పళ్ళు చేస్తానండీ,” అందావిడ.

“చేస్తావో, అమ్ముతావో. వారానికి డజను అరటిపళ్ళు కావాలి. బుట్ట దింపుతాను, అందులో వెయ్యి,” అని తలుపు వేసేసుకున్నాడు.

నిజంగానే మర్నాడు ఆవిడ కిటికీ ముందు నుంచి ఒక బుట్ట తాడు మీద కిందికి దిగింది. పాలు, రొట్టె, కూరలు అన్నీ ఆయన అలాగే తెప్పించుకుంటాడని అప్పుడు తెలిసింది. ఆవిడ నవ్వుకుని, అరటిపళ్ళు కొనుక్కొచ్చి వేసింది. ఆ తర్వాత అసలు సంగతి తెలిసినా మాస్టారు మాట మార్చలేదు. ఆయన వల్ల వీధి మొత్తానికి ఆవిడ పళ్ళావిడ అయింది.

మొదటి వానకి వెనక గదిలో గోడ మీద అరచేతంత మరక కనిపించింది. వానాకాలం ముగిసేసరికి అది నిలువెత్తు మనిషంత అయింది. బీరువా వెనక బూజు పట్టింది. బట్టలు ఎన్నిసార్లు ఉతికినా ఒకటే ముక్కిపోయిన వాసన. ఆవిడ ల్యాబులో కూర్చుని తన చీరకొంగు తనే వాసన చూసుకునేది. మేస్త్రీని పిలిపించారు. అతను గోడను వేళ్ళతో తట్టి, చెవి ఆనించి విని, మేడెక్కి దిగి వచ్చి చెప్పాడు: కప్పు మీది వాననీళ్ళ గొట్టం గోడ లోపలే పగిలింది, నీళ్ళు గోడలో దిగుతున్నాయి, పైన ఆ గోడలో ఆనిన దూలం కొన కూడా పుచ్చిపోయింది. కప్పు విప్పితే తప్ప పని కాదు. నాలుగు నెలలు పడుతుంది. అన్నాళ్ళు పై వాటా ఖాళీగా ఉండాలి. దానికి పాత కట్టడాల ఆఫీసు అనుమతి కావాలి, అనుమతికి ముగ్గురు యజమానుల సంతకాలూ కావాలి.

కింది కొట్టు యజమాని ఎక్కడో వేరే ఊళ్ళో ఉంటాడు. కొట్టును యాత్రికుల సామాన్లు దాచిపెట్టేవాళ్ళకు అద్దెకిచ్చాడు. అతను చదవకుండానే సంతకం పెట్టి పోస్టులో పంపించాడు. మాస్టారు మాత్రం పెట్టలేదు. మొదట, కాగితం చదవాలి అన్నాడు. చదివాక, మేడ కట్టిన సంవత్సరం తప్పు రాశారు, దిద్దించుకు రమ్మన్నాడు. దిద్దించుకు వెళితే వానలు వెళ్ళాక చూద్దాం అన్నాడు. వానలు వెళ్ళాక కళ్ళజోడు పగిలిందన్నాడు. అలా ఏడాది గడిచింది. రెండో వానాకాలం వచ్చి మరకకు మరో మరక తోడైంది. ఆవిడ భర్త మంచాన్ని గోడకు దూరంగా లాగాడు, తర్వాత ఇంకాస్త లాగాడు, చివరికి మంచం గది మధ్యలో పడవలా నిలబడింది. మాస్టారికి ఈ వయసులో మొండితనం తప్ప ఇంకేం మిగల్లేదని ఆయన అన్నాడు. ఆవిడ కూడా అలాగే అనుకుంది. బస్సు బాధ తప్పిందన్న సుఖం ఆవిడకు ఆర్నెల్లు కూడా నిలవలేదు.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం, ఇవాళ అటో ఇటో తేల్చేద్దామని కాగితం పట్టుకుని ఆవిడ పైకి బయల్దేరింది. కింది నుంచి పై దాకా మొత్తం యాభై ఎనిమిది మెట్లు. ఆ మెట్ల దారికి కిటికీ లేదు. పైనుంచి ఎనిమిదో మెట్టు మీద మాస్టారు కూర్చుని ఉన్నాడు. ఒక చెయ్యి గోడకున్న కర్రను పట్టుకునే ఉంది.

“గాలికి కూర్చున్నానమ్మా,” అన్నాడు.

అక్కడ గాలి లేదు. ఆవిడ రెండు మెట్లు కింద కూర్చుంది. మనిషి మొహం పాలిపోయి ఉంది. మంచినీళ్ళు కావాలా అంటే తల ఊపాడు. ఆవిడ పరుగున తెచ్చిచ్చిన నీళ్ళు తాగి, గ్లాసు మెట్టు మీద పెట్టి, అప్పుడు చెప్పాడు. బుట్ట తాడు తెగి రెండు రోజులైంది. పాలూ లేవు, రొట్టే లేదు. దిగి తెచ్చుకుందామనుకున్నాడు. ఎనిమిది మెట్లు దిగేసరికి మోకాళ్ళు నిలవలేదు, వెనక్కి ఎక్కబోతే అసలు లేవలేదు. పొద్దుట పాలవాడి గంట విని బయల్దేరాడట. ఇప్పుడు మూడు దాటింది.

“పిలవచ్చు కదా మాస్టారూ. నేను కిందే ఉన్నాను,” అందావిడ.

“ఏమని పిలవను? ఏడాదిగా నీకు మొహం చాటేస్తున్నాను.”

ఆ తర్వాత, ఆవిడ వైపు చూడకుండా, గోడతో చెబుతున్నట్టు చెప్పాడు.

“నేను వీధిలోకి దిగి రెండేళ్ళు దాటిందమ్మా. ఒక్కసారి దిగానంటే మళ్ళీ ఎక్కలేనని నాకు తెలుసు. మీరు నాలుగు నెలలంటారు. నాలుగు నెలల తర్వాత నేను ఎక్కలేకపోతే అది నా ఇల్లు కాకుండా పోతుంది. అందుకే పెట్టలేదు సంతకం. సంవత్సరం తప్పు రాయడం కూడా నిజమేలే.”

ఏడాదిగా ఆయన్ను మనసులో తిట్టుకున్న తిట్లన్నీ ఆవిడకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. సిగ్గుపడటానికి కూడా ఓపిక లేకపోయింది. భర్తను పిలిచింది. ఇద్దరూ ఒక కుర్చీ తెచ్చి, ఆయన్ను కూర్చోబెట్టి, ఎనిమిది మెట్లూ పైకి మోశారు. అన్నం పెట్టాక ఆవిడ ఒక మాట అంది. పని జరిగినన్నాళ్ళూ మీరు మా ముందు గదిలో ఉండండి, పని అయ్యాక మేమే పైకి మోసుకెళ్ళి దింపుతాం. ఆ మాట నోట్లోంచి వచ్చాకగాని, భర్తను అడగలేదన్న సంగతి ఆవిడకు తట్టలేదు. ఆయన గోడ వైపు తిరిగి ఏదో మరక చూస్తున్నట్టు నిలబడ్డాడు. మాస్టారు మాత్రం ఆ మాట రాసివ్వమన్నాడు. ఆవిడ రాసిచ్చింది. చదువుకుని మడిచి జేబులో పెట్టుకుని, అప్పుడు సంతకం పెట్టాడు.

అనుమతి రావడానికి ఐదు నెలలు పట్టింది. పరంజా లేచింది, కప్పు మీద తార్పాలిన్ పడింది. మేస్త్రీ మనుషులు నలుగురు మాస్టారిని కుర్చీతో సహా దింపుకొచ్చారు. ఆయనతో పాటు ఒక ట్రంకుపెట్టె, ఒక గ్లోబు, ఒక రేడియో వచ్చాయి. ఇల్లు మొత్తంలో పొడిగా ఉండే గది ఆ ముందు గదే. దాన్ని ఆయనకిచ్చి, వాళ్ళిద్దరూ గది మధ్యలో నిలబడ్డ మంచం మీదికి చేరారు.

పొద్దున్నే రేడియోలో ప్రపంచ నగరాల వాతావరణం వచ్చేది. ఎక్కడో మంచు పడుతోందని, ఎక్కడో దుమ్ము లేస్తోందని మాస్టారు వంటగదిలోకి వినపడేలా చెప్పేవాడు. కాఫీ మూడుసార్లు కావాలి, అదీ చెయ్యి కాలేంత వేడిగా. స్నానానికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలి. ల్యాబు నుంచి వచ్చేసరికి ఆవిడకు నడుం విరిగిపోతుండేది. వచ్చీరాగానే ఆయన, ఆవేళ వీధిలో ఏం జరిగిందో చెప్పడానికి సిద్ధంగా ఉండేవాడు. కూర్చుని వింటూ తల ఊపడం ఆవిడ వంతు. సగం వినేది కాదు.

జరిగేది మాత్రం తమాషాగానే ఉండేది. రోజూ ఆ వీధిలోకి గైడ్లు యాత్రికుల్ని తీసుకొస్తారు. ఆ మేడ ముందు నిలబెట్టి, ఇక్కడ ఒక రాణి రహస్యంగా ఉండేదని ఒకడు, ఇది విషం తయారుచేసే వైద్యుడి ఇల్లని ఇంకొకడు చెప్పేవాళ్ళు. మాస్టారు కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని అంతా వినేవాడు. విని, “అబద్ధం. ఇది నూనె వ్యాపారి ఇల్లు,” అని నింపాదిగా అనేవాడు. మొదట్లో గైడ్లకు ఒళ్ళు మండింది. తర్వాత యాత్రికులు ఆయన్నే ప్రశ్నలడగడం మొదలుపెట్టారు. గైడ్లు కూడా దారికొచ్చి, రాణిని మానేసి, పెద్దాయనా మీరే చెప్పండి అనడం నేర్చుకున్నారు. బడి వదిలాక పిల్లలు కిటికీ కింద ఆగి ఏదో ఒక దేశం పేరు అరిచేవాళ్ళు, ఆయన దాని ముఖ్యపట్టణం చెప్పాలి. పాలవాడు, చీపుర్ల మనిషి, సామాన్ల కొట్టు కుర్రది, అందరూ తల పైకెత్తి పలకరించేవాళ్ళు. మాటలు చెప్పీ చెప్పీ ఆయన పళ్ళసెట్టు వదులైంది. మాట మధ్యలో టకటకమనేది.

ఒక ఆదివారం ఆవిడ వంటబల్ల దగ్గర ఆయన్ను కూర్చోబెట్టి నోటి అచ్చు తీసింది. ఇంట్లో పని చెయ్యకూడదని ఆవిడకో నియమం ఉండేది. అదీ పోయింది. కొత్త సెట్టులో ముందు పన్ను ఒకటి కొంచెం వంకరగా నిలబెట్టింది. అన్నీ తిన్నగా ఉంటే పెట్టుడు పళ్ళని ఇట్టే తెలిసిపోతుంది. మాస్టారు అద్దంలో చాలాసేపు చూసుకుని, “ఈ వంకర నా చిన్నప్పటిదేనమ్మా. నీకెవరు చెప్పారు?” అన్నాడు. ఎవరూ చెప్పలేదు. దవడ ఎముక చూస్తే కొంత తెలుస్తుంది అంది.

మూడో నెలలో ఒక సాయంత్రం, ల్యాబు నుంచి వచ్చి చేతులు కడుక్కుంటుంటే మేస్త్రీ గుమ్మంలో నిలబడి, ఒకసారి పైకి రండమ్మా అన్నాడు. మాస్టారికి వినపడకుండా అన్నాడు. పైన దూలాలు కనపడకుండా ఎవరో ఎప్పుడో కొట్టిన చెక్క పలకలు విప్పేశారు. అతను కరెంటు దీపం పైకెత్తి పట్టుకున్నాడు.

దూలాలన్నిటి మీదా బొమ్మలు. వాటి మధ్య అసలు కప్పు పలకల మీద నీలం, ఆ నీలంలో చిన్న చిన్న పడవలు. దూలాల వెంట తీగలు, తీగల్లో ఎర్రటి పక్షులు, ఒక్కో పక్షి నోట్లో ఒక్కో గింజ. మసి పట్టిన చోట్ల కూడా రంగు దాక్కోలేకపోతోంది. ఆవిడ మెడ నొప్పెట్టేదాకా చూసింది. ఇరవై నాలుగేళ్ళుగా కిందికి వంచిన మెడ అది.

మేస్త్రీ దీపం దింపి సంగతి చెప్పాడు. ఇది ఆఫీసుకు తెలిస్తే రేపే పని ఆపేస్తారు. అవతలి వీధిలో ఒక చిలక బొమ్మ బయటపడితే రెండేళ్ళు ఆగింది. “సున్నం కొట్టి మళ్ళీ పలకలు మూసేస్తానమ్మా. మేం చూడలేదు, మీరూ చూడలేదు. నెల రోజుల్లో పెద్దాయన పైకొచ్చేస్తాడు, మీ గోడ ఆరిపోతుంది,” అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. ఆవిడ అలసట రోజూ చూస్తున్నవాడు.

రేపటిదాకా ఆగమని చెప్పి ఆవిడ దిగివచ్చింది. భర్తకు చెబితే ఆయన క్షణం ఆలోచించలేదు, కొట్టేయమను సున్నం అన్నాడు. ఆవిడకు కాదనడానికి కారణం ఏదీ దొరకలేదు. ఆ పక్షుల మీద సున్నపు కుంచె పడటం మటుకు ఊహకు అందలేదు. చివరికి, ఇల్లు మాస్టారిది, ఆయనకు చెప్పకుండా ఏదీ చెయ్యకూడదు అంది. ఆయన పైకి వెళ్ళాలనే కోరుకుంటాడు కాబట్టి సున్నమే అంటాడని ఇద్దరూ అనుకున్నారు. భర్త కూడా అందుకే ఒప్పుకున్నాడు.

మర్నాడు మేస్త్రీ మనుషులు మాస్టారిని కుర్చీలో పైకి మోసుకెళ్ళారు. ఆయన దీపం అటు పట్టమని, ఇటు పట్టమని, తల వెనక్కి వాల్చి అన్నీ చూశాడు. నలభై ఏళ్ళు దీని కిందే పడుకున్నాం నేనూ అక్కయ్యా అన్నాడు. ఆ తర్వాత మాస్టారి బుద్ధి మాస్టారికి వచ్చింది.

“ఈ పడవలు చూశావా? తెరచాపలు ఇటు ఉబ్బాయి, జెండాలు అటు ఎగురుతున్నాయి. గాలి రెండు వైపుల నుంచీ వీస్తోందన్నమాట. సముద్రం చూడనివాడెవడో వేశాడు,” అని నవ్వాడు.

ఆవిడ సంగతంతా చెప్పింది. సున్నం కొడితే నెల, రాసిస్తే ఎంతో తెలియదు, ఏడాదో రెండేళ్ళో. ఆయన వింటున్నంతసేపూ పడవల వైపే చూశాడు. తర్వాత, కలం ఉందా అని అడిగాడు.

“మాస్టారూ, బాగా ఆలోచించండి. రాసిస్తే అన్నాళ్ళూ మీ ఇంటికి మీరు రాలేరు.”

“చట్టమంటూ ఒకటుంది కదమ్మా. దాచకూడదు,” అన్నాడు ఆయన.

కాగితం మీద సంతకానికి ఏడాది తిప్పించుకున్న మనిషి, ఒళ్ళో అట్ట పెట్టుకుని అక్కడే, ఆ దుమ్ములోనే, ఆఫీసుకు ఉత్తరం రాసేశాడు. రాస్తున్నప్పుడు ఆవిడ ఆయన మొహం చూసింది. ఆయన ఆవిడ కళ్ళలోకి చూడలేదు. కింద వీధిలో ఎవరో పిల్లలు ఏదో దేశం పేరు అరిచారు. మాస్టారు కలం ఆపి, జవాబు చెప్పబోయి, ఇంత ఎత్తు నుంచి వినపడదని గుర్తొచ్చి ఊరుకున్నాడు. అప్పుడు ఆవిడకు అర్థమైంది. చట్టం కోసం కాదు. ఇంకొన్నాళ్ళు ఉండనిస్తావా అని అడగలేక రాస్తున్నాడు.

ఆ క్షణంలో ఆవిడ ఒక్క మాట అంటే ఆయన కలం కింద పెట్టేసేవాడే. ఆవిడ అనలేదు. మంచితనం వల్లనో, ఓపిక లేకనో ఆవిడకే తెలియలేదు. మర్నాడు ఆఫీసు తెరిచే వేళకు వెళ్ళి ఉత్తరం తనే ఇచ్చి వచ్చింది.

ఆఫీసు నుంచి ఒక అధికారిణి వచ్చింది. చిన్న వయసు, మెడలో కెమెరా, మెట్లెక్కిన ఆయాసంలోనే కళ్ళలో నీళ్ళు. ఆవిడ చేతులు పట్టుకుని, మీరు చాలా అదృష్టవంతులు అంది. సాయంత్రానికి పని ఆపెయ్యమని తలుపుకు కాగితం అంటించారు. గొట్టం, దూలం సగంలో ఉండగానే మేస్త్రీ సామాను సర్దుకుని, నేను చెప్పానుగదమ్మా అన్నట్టు చూసి వెళ్ళిపోయాడు. పరంజా అలాగే ఉంది. తార్పాలిన్ గాలికి కొట్టుకుంటూ ఉంది. మూడో వానాకాలం వచ్చింది.

ఆవిడ భర్త అరిచే మనిషి కాదు. కొన్ని వారాలు మాట్లాడటం తగ్గించాడు. ఒక పొద్దుట తడిసిన చొక్కా ఇస్త్రీ చేస్తూ అన్నాడు.

“మనం కొన్నది రెండు గదులు. ఒకటి ఆయనది, ఇంకొకటి చెమ్మది. నేనెక్కడుండాలో చెప్పు.”

ఆయన సంచీ సర్దుకుని ఊరి చివర ఉన్న తమ్ముడింటికి వెళ్ళిపోయాడు. మరదలు బాగా చూసుకుందట, గది పొడిగా ఉందట, అన్నీ బాగున్నాయట. పదకొండో రోజున తిరిగొచ్చాడు. చెప్పులు విప్పుతూ గుమ్మంలోనే కూర్చుండిపోయి, ఆ బస్సు ఇరవై రెండేళ్ళు ఎలా ఎక్కావే నువ్వు అన్నాడు. ఆవిడ నవ్వలేదు. కాఫీ కలిపి ఇచ్చి పక్కన కూర్చుంది. లోపల్నుంచి మాస్టారు, ఆయనొచ్చాడా అని అడిగాడు. ఆ రాత్రి మూడు రకాల కూరలు చేయించుకున్నారని వీధిలో ఎవరైనా అంటే అది నిజం కాదు. నిన్నటి అన్నమే ముగ్గురూ తిన్నారు.

పద్నాలుగు నెలలు పట్టింది. నిపుణులు వచ్చి, దూది పుల్లలతో పక్షుల్ని తుడిచి, కొలతలు వేసి, ఒకరి మాట ఒకరు కాదని, మళ్ళీ వచ్చి, చివరికి ఆఫీసువాళ్ళే కప్పు బాగుచేయించారు. గొట్టం మారింది. వెనక గోడ నెమ్మదిగా ఆరడం మొదలుపెట్టింది. అధికారిణి షరతుల కాగితం తెచ్చింది. దూలాలకు మేకు కొట్టకూడదు, కొక్కెం పెట్టకూడదు, అంటే పంకా వేలాడదీయకూడదు. పొయ్యి పొగ తగలకూడదు. నెలకొక శనివారం చూడవచ్చేవాళ్ళకు తలుపు తియ్యాలి. మాస్టారు అన్నీ చదివి, ట్రంకుపెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాడు. ఒక చొక్కా మడిచి పెట్టేవాడు, కాసేపటికి తీసి మళ్ళీ కిటికీ దగ్గర కూర్చునేవాడు. వారం రోజులైనా పెట్టె సగం కూడా నిండలేదు.

ఎదురు చూసీ చూసీ ఆవిడే అడిగింది. “మాస్టారూ, వెళ్ళాలని ఉందా, లేదా? నాకు ఓపిక లేదు, నిజం చెప్పండి.”

ఆయన వీధిలోకే చూస్తూ, “లేదమ్మా,” అన్నాడు. ఒళ్ళోని చొక్కా మడత విప్పుతూ, “ఎలా అడగాలో తెలియలేదు,” అన్నాడు.

ఆ తర్వాత జరిగింది మాటల్లో తేలికే. వాటాలు మార్చుకున్నారు. ఆయనది వాళ్ళకు, వాళ్ళది ఆయనకు, మార్పిడి దస్తావేజు రాయించుకున్నారు. మాస్టారిని కుర్చీతో సహా రిజిస్ట్రారు ఆఫీసుకు మోసుకెళితే, అక్కడి గుమాస్తా, బొమ్మల కప్పున్న వాటా విలువ ఎక్కువ కదా, మీకు నష్టం కాదా పెద్దాయనా అని అడిగాడు. మాస్టారు వంకర పన్ను కనపడేలా నవ్వి, అక్కడ గాలి రెండు వైపుల నుంచీ వీస్తుంది, తట్టుకోలేను అన్నాడు. గుమాస్తాకు అర్థం కాలేదు. ఆవిడ భర్తకు మాత్రం నవ్వొచ్చింది. చాలా నెలల తర్వాత ఆయన నవ్వడం ఆవిడ అప్పుడే చూసింది.

పై వాటా పొడిగా ఉంది. నాలుగు వైపులా వెలుగు. వాసన లేదు. ఆవిడకు ఇప్పుడు నలభై తొమ్మిది దాటాయి. సాయంత్రం ల్యాబు నుంచి పది నిమిషాల్లో ఇంటికి చేరుతుంది, ఆ పైన మెట్లకు ఇంకో పది నిమిషాలు. మధ్యలో మాస్టారి గుమ్మం దగ్గర ఆగి, కాఫీ పెట్టిచ్చి, ఆ రోజు వీధి కబుర్లు సగం విని, మిగతా మెట్లెక్కుతుంది. వేసవిలో బల్ల మీద పెట్టే చిన్న పంకా ఒకటి కొన్నారు. అది తిరుగుతూ భర్త వైపు వెళ్ళినప్పుడు ఆవిడకు, ఆవిడ వైపు వచ్చినప్పుడు ఆయనకు మెలకువ వస్తుంది.

ఒక శనివారం మధ్యాహ్నం ల్యాబు నుంచి వచ్చేసరికి పడకగది నిండా జనం. ఆవేళ చూపించే శనివారమని మర్చిపోయింది. కుర్చీలన్నీ ఎత్తి ఓ మూల పేర్చి, నేల మీద చాపలు పరిచారు. పడుకుని చూస్తేనే బాగా కనపడుతుందని అధికారిణి చేసిన ఏర్పాటు. పదిహేను మంది ముక్కూ మొహం తెలియనివాళ్ళు వరసగా వెల్లకిలా పడుకుని నిశ్శబ్దంగా కప్పు చూస్తున్నారు. కూర్చోవడానికి ఎక్కడా చోటు లేదు. గోడవార ఒక చాప ఖాళీగా కనిపించింది. ఆవిడ సంచీ పక్కన పెట్టి, కాళ్ళు చాపుకుని పడుకుంది. పక్క చాప మీద ఉన్న నడివయసు స్త్రీ తల తిప్పి, మొదటిసారా అని గుసగుసగా అడిగింది.

ఆవిడకు వివరంగా చెప్పే ఓపిక లేకపోయింది. అవునంది.

“పక్షుల్ని ముందు చూడండి,” అందా స్త్రీ.

ఆవిడ ఒక పక్షిని చూసింది. రెండోదాని దాకా వెళ్ళలేదు. మెలకువ వచ్చేసరికి గది ఖాళీ అయింది, ఎండ కిటికీ దిగిపోతోంది. చాపలు ఇంకా ఎత్తలేదు. పక్క చాప మీద ఆవిడ భర్త, మీటర్ల పుస్తకం గుండెల మీద పెట్టుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఆవిడ లేపలేదు. లేచి కుర్చీలు ఒకటొకటిగా దింపడం మొదలుపెట్టింది.